చింపని పదాలు

జగిత్యాల,
ఆగస్టు 3

వనిత వదినకు,

నేను బతికే ఉన్నాను. రెండు రోజులు ఫోన్ రాకపోతే మనిషి పోయిందనుకునే కాలం కాబట్టి ముందు ఆ మాట రాస్తున్నాను. హాస్టల్లో అడుగు పెట్టగానే వార్డెన్ మొగిలవ్వ మేడం మా అందరి ఫోన్లూ ఒక పసుపు సంచిలో వేసి, బీరువాలో పెట్టి తాళం వేసింది. పరీక్ష అయ్యేదాకా అంతేనట. ఇంట్లో ఎవరైనా చనిపోతే మాత్రం ఆఫీసు ఫోన్ వాడుకోవచ్చట. అది కూడా దగ్గరివాళ్ళు పోతేనేనట. మన ఇంట్లో అందరూ గట్టిగానే ఉన్నారు కాబట్టి నాకు ఉత్తరాలే గతి. ఇది పోస్టులో వేస్తున్నాను. ఇకమీదట అన్న తెచ్చే అప్పాల డబ్బాలో నీ ఉత్తరం పెట్టు, ఖాళీ డబ్బాలో నాది పెడతాను.

నేను అమెరికా పోతున్నానని మన వీధిలో అనుకుంటున్నారట. దయచేసి నిజం చెప్పి పరువు తీయకు. నేను పోవాలనుకుంటున్నది హైదరాబాదుకు. అక్కడి కాలేజీలో బట్టల వ్యాపారం మీద రెండేళ్ళ కోర్సు ఉంది. సీటు కావాలంటే జీఆర్ఈ పరీక్షలో ఇంగ్లీషు భాగానికి నూట యాభై రావాలి. లెక్కలంటే నాకు భయం లేదు, భయమంతా ఇంగ్లీషు మాటలతోనే. ఇంగ్లీషువాళ్ళే వాడడం మానేసిన మాటలన్నీ ఏరి, మూటగట్టి, జగిత్యాలకు పంపించినట్టున్నారు. మా కోచింగు దేవదాస్ సారు ఏ నుంచి జెడ్ దాకా నాలుగు వందల పదాల జాబితా చేతిలో పెట్టాడు. ఒక్కో పదాన్ని ఒక్కో అట్టముక్క మీద రాసుకొని, వెనక అర్థం రాసుకొని తిప్పుతూ చదవాలట. ఇంట్లో పాత అట్టలు ఏవైనా ఉంటే పంపు. పెళ్ళిపత్రికలు వద్దు, వాటి మీద రాస్తే నాకు పెళ్ళిభోజనాలే గుర్తొస్తాయి.

బాపు పెట్టిన షరతు నీకు తెలుసు కదా. ఎన్ని పదాలు వచ్చాయో పదిహేను రోజులకోసారి చీటీ రాసి పంపాలి. బస్టాండులో మళ్ళీ చెప్పాడు: "అంకె ఆగిన నాడు మూట సర్దుకొని ఇంటికచ్చెయ్యి. ఎల్కేజీ పిలగాండ్లకు ఏబీసీడీ చెప్పుకో." ఆయన అన్నమాట మీద నిలబడే మనిషి. అదే నా బాధ.

నీ ఆడబిడ్డ,
సుస్మిత

*

సిరిసిల్ల,
ఆగస్టు 10

కాబోయే దొరసాని సుస్మితకు,

మేమూ బతికే ఉన్నాం. నువ్వు అడగలేదు గానీ చెబుతున్నాను. నాలుగు మగ్గాల్లో రెండు నడుస్తున్నాయి. మిగతా రెండు మీ అన్న లాగా కూర్చొని వాటిని చూస్తున్నాయి. పని లేనప్పుడు మగ్గాల చప్పుడు సగమవుతుంది కదా, ఆ సగంలో అత్త మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. అది తప్ప అంతా క్షేమం.

అట్టలు పంపుతున్నాను. నా పెళ్ళిలో మా పుట్టింటివాళ్ళకు పెట్టడానికి మామ గవ్వల అంచు చీరలు నేశాడు గుర్తుందా? ఆ అంచు కోసం చిల్లులు కొట్టించిన జకార్డు అట్టలు అటక మీద చాపలా చుట్టి ఉన్నాయి. మగ్గం నెత్తిన ఒక్కో అట్ట తిరిగినప్పుడల్లా దాని చిల్లుల ప్రకారం పోగులు లేస్తాయి, గవ్వలో ఒక వరుస పడుతుంది. ఆరేళ్ళుగా వాటిని ఎలుకలు తప్ప ఎవరూ పలకరించలేదు. చుట్ట అలాగే పెడితే సంచిలో పట్టలేదు. అందుకని కుట్టిన తాడు కోసేసి కట్టలు కట్టాను. లెక్కపెడితే మూడు వందల అరవై ఉన్నాయి. మీ సారువి నాలుగు వందలు కాబట్టి చివరి నలభై పదాలు నేర్చుకోకు. అట్టలు లేవని చెప్పు.

మామకు చెప్పలేదు. పనికిరాని సామానుకు కూడా అనుమతి అడిగితే ఇంక నేను కోడలిగా ఆరేళ్ళు చేసిన సర్వీసు ఏమైనట్టు? అత్తకు అసలే చెప్పలేదు. అత్తకు చెప్పడమూ ఊరంతా దండోరా వేయించడమూ ఒకటే.

బాగా చదువుకో. ఈ ఇంట్లో ఇంటర్ దగ్గర ఆగినదాన్ని నేనొక్కదాన్ని చాలు.

వదిన

*

జగిత్యాల,
ఆగస్టు 17

అటక దొంగ వనిత వదినకు,

అట్టలు బ్రహ్మాండం. మా గదిలో మిగతావాళ్ళు కొన్న అట్టలు తెల్లగా, నున్నగా, ప్రాణం లేకుండా ఉన్నాయి. నావి గోధుమరంగులో చిల్లులతో ఉన్నాయి, వాసన చూస్తే మన ఇల్లే. ఇదేమిటని రాయికల్ నుంచి వచ్చిన కల్యాణి అడిగితే, మా ఇంట్లో అందరి చదువుకూ చిల్లులు పడ్డాయని చెప్పాను. నవ్వలేదు. పరీక్ష రాసేవాళ్ళు నవ్వరు.

నువ్వు కట్టిన కట్టలు ఒక్కొక్కటే విప్పి, పైనుంచి వరుసగా మూడు రోజులు కూర్చొని రాశాను. జాబితాలో మొదటి పదం మొదటి అట్ట మీద, రెండోది రెండో దాని మీద, అలా మూడు వందల అరవై. ఆ తర్వాత సారు చెప్పినట్టు అన్నీ కలిపేశాను. పేకముక్కల్లా కలపాలట, లేకపోతే బుర్ర వరుసను గుర్తుపెట్టుకొని అర్థాన్ని మరిచిపోతుందట. ఇంకో నియమం కూడా ఉంది. పదం పూర్తిగా వచ్చిందనుకున్న రోజున ఆ అట్టను చింపి చెత్తబుట్టలో వేయాలి. పెట్టె తేలికవుతుంటే ధైర్యం పెరుగుతుందని సారు అంటాడు. పక్క గదిలో వాళ్ళు రోజూ సాయంత్రం చింపుతుంటారు. ఆ చప్పుడు నాకు బాగా వినబడుతుంది.

నేర్చుకున్నవి మనవాళ్ళ మీదే వాడి చూస్తున్నాను. అన్న లాకోనిక్, అంటే మాట పొదుపు మనిషి. అమ్మ గారులస్, అంటే వసపిట్ట. మా మొగిలవ్వ మేడం పార్సిమోనియస్, ఆమె పోసే చారు చూస్తే అర్థం అడగక్కరలేదు. ఆ చారులో కనబడే పప్పు ఎఫెమెరల్, అంటే ఉండీ లేనట్టు ఒక్క క్షణం మెరిసి మాయమయ్యేది.

బాపుకు చీటీ పెట్టాను. అరవై రెండు.

సుస్మిత

*

సిరిసిల్ల,
ఆగస్టు 30

సుస్మితకు,

నీ అరవై రెండు ఇప్పుడు మన ఇంటి గోడ మీద ఉంది. చీటీ అందగానే మామ సుద్దముక్క తెచ్చి, మొదటి మగ్గం పక్క గోడ మీద ఇంత పెద్ద అంకెలు వేశాడు. పొరుగు రాజనర్సు నూలు అడగడానికి వస్తే ముందు గోడ చూపించాడు. కరెంటు బిల్లు ఇచ్చే అతనికి కూడా చూపించాడు. అది మీటర్ రీడింగేమో అనుకొని అతను రాసుకోబోయాడు.

మామ తన కొడుకు పదో తరగతి తప్పినప్పుడు కూడా గోడ మీద ఏమీ రాయలేదు. ఇప్పుడు పొద్దున్నే మగ్గం ఆన్ చేసేముందు ఆ అంకె వైపు ఒకసారి చూస్తున్నాడు. నీ తర్వాతి చీటీ కోసం మీ అన్నకు నలుగురి ఎదుట గుర్తుచేస్తున్నాడు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. చూసింది రాస్తున్నాను.

ఒక్క సందేహం. అరవై రెండు మాటలు వచ్చాయన్నావు. మొన్న మీ అన్న చేతికిచ్చిన చిన్న చీటీలో కూడా మళ్ళీ ఆ లాకోనిక్, ఆ గారులస్, ఆ పార్సిమోనియస్, ఆ ఎఫెమెరల్లే ఉన్నాయి. కొత్త కోడలు పెట్టెలో ఉన్న నాలుగు చీరలే మార్చి మార్చి కట్టినట్టుంది. మిగతా యాభై ఎనిమిది ఎప్పుడు కడతావు? నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఊరికే అడిగాను.

వదిన

*

జగిత్యాల,
సెప్టెంబర్ 14

వదినకు,

పరీక్షకు నాలుగు వారాలే ఉంది, పొడుగు ఉత్తరాలు రాసే తీరిక లేదు. నీకు కొత్త పదాలు రాయకపోవడానికి కారణం నీకు అర్థం కావని, అంతే. బాపుకు చీటీ పెట్టాను. రెండు వందల పద్నాలుగు. గోడ మీద చోటు ఉందో లేదో చూసుకోమను.

అప్పాల్లో ఈసారి ఉప్పు ఎక్కువైంది. చదువుకునేవాళ్ళకు ఉప్పు మంచిది కాదట.

సుస్మిత

*

కోరుట్ల,
సెప్టెంబర్ 18

సుస్మితా,

ఈ ఉత్తరం మా అమ్మ ఇంట్లో కూర్చొని రాస్తున్నాను. సాయంత్రం సిరిసిల్ల పోయేటప్పుడు జగిత్యాలలో దిగి మీ వాచ్‌మన్‌కు ఇచ్చిపోతాను. ఆదివారం తప్ప లోపలికి రానివ్వరట కదా. మంత్రులను చూడడం కూడా ఇంత కష్టం కాదు.

ఏం జరిగిందో వరుసగా చెబుతాను, మధ్యలో చదవడం ఆపకు. పోయిన వారం ఇక్కడ ఒక పెళ్ళిలో మా అమ్మ సత్యవ్వ మొదటిసారి ఆ గవ్వల అంచు చీర కట్టింది. వియ్యపురాలికి పెట్టుబడి చీరగా మామ నేసి పెట్టింది. ఇన్నేళ్ళూ కట్టకపోవడానికి కారణం మీ నాయిన పనితనం మీద గౌరవం కాదు, జరీ గుచ్చుకుంటుందని. ఆ పెళ్ళికి కోరుట్ల బట్టల సేటు శ్యాంసుందర్ వచ్చాడు. అంచు పట్టుకొని చూసి, ఎవరు నేశారని అడిగి, మూడో రోజు కారేసుకొని సిరిసిల్ల వచ్చాడు. అక్టోబరు మొదట్లోగా ఒక మచ్చు చీర నేసి చూపిస్తే, నచ్చితే ఎండాకాలం దాకా నాలుగు మగ్గాలకూ పని ఇస్తానన్నాడు.

మామ ముఖం నువ్వు చూడాల్సింది. "అట్టలు అటక మీదనే ఉన్నయి సేటూ, పది దినాలల్ల నేస్త" అన్నాడు. నేను పక్కనే చాయ్ పట్టుకొని నిలబడ్డాను. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకొని చాయ్ ఇచ్చాను. అంచు కొలతలు చూడాలంటే పాత చీర కావాలని చెప్పి, ఆ చీర తెచ్చే వంకతో ఇక్కడికి పారిపోయి వచ్చాను. మామ అటక ఎక్కేలోగా ఏదో ఒకటి చేయాలి.

ఇప్పుడు లెక్క వేశాను. మూడు వందల అరవైలో నువ్వు నేర్చుకొని చింపినవి రెండు వందల పద్నాలుగు. మిగిలినవి నూట నలభై ఆరు, అవి కూడా పేకముక్కల్లా కలిసిపోయినవి. చీర చూసి పోగులు లెక్కపెట్టి పదో ఇరవయ్యో అట్టలు కొట్టించవచ్చు. రెండు వందల పద్నాలుగు కొట్టించడం ఈ నెలలో అయ్యే పని కాదు. నువ్వు ఇంత తెలివైనదానివని తెలిస్తే నేను అట్టలు ఇచ్చేదాన్నే కాదు.

తాడు కోసింది నేను, అడగకుండా ఇచ్చింది నేను. ఆ ఇంటికి రెండేళ్ళ తర్వాత వచ్చిన పని నా కత్తెర వల్ల పోతుంది. ఇంక ఒక్క అట్ట కూడా చింపకు. ఉన్నవి ఆదివారం మీ అన్న చేతికి ఇచ్చి పంపు.

వనిత

*

జగిత్యాల,
సెప్టెంబర్ 20

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇది రాయకుండా ఉండడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికాను.

పెట్టెలో మూడు వందల నలభై ఒక్క అట్టలు ఉన్నాయి. నేను చింపింది పంతొమ్మిది.

మళ్ళీ లెక్క పెట్టకు, సరిగ్గానే రాశాను. నాకు వచ్చిన పదాలు పంతొమ్మిది. మొదటి పదిహేను రోజుల్లో వచ్చినవి నాలుగు, నువ్వు చెప్పిన ఆ నాలుగు చీరలే. నాలుగు అని చీటీ రాస్తే బాపు మర్నాడు పొద్దున్నే బస్సెక్కుతాడని భయపడి ముందు అరవై రాశాను. గుండ్రంగా ఉంటే అనుమానం వస్తుందని రెండు కలిపాను. అబద్ధంలో నాకు ఇంత నైపుణ్యం ఉందని అప్పుడే తెలిసింది. పడుకునేముందు అన్నీ వస్తాయి వదినా, పొద్దున లేచేసరికి ఒక్కటీ ఉండదు. పక్క గదిలో చింపుతున్న చప్పుడు వినబడితే నేను పాత నోటుపుస్తకం కాగితాలు చింపేదాన్ని, నా గది మూగగా ఉందని ఎవరూ అనుకోకుండా.

నువ్వు గోడ సంగతి రాసిన రోజే నిజం చెప్పాల్సింది. చెప్పకుండా అప్పాల్లో ఉప్పు ఎక్కువైందని రాశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

వరుస గురించి భయపడకు. నేను రాసేటప్పుడు అట్టలు నువ్వు కట్టిన వరుసలోనే ఉన్నాయి, పదాలు ఏ నుంచి వరుసగా రాశాను. కాబట్టి పదాలను ఏబీసీడీ ప్రకారం పేరిస్తే అట్టలు వాటి చోటికి అవే వస్తాయి. పదం రాసిన వైపు పైకి ఉండాలి. సారు ఇచ్చిన జాబితా కూడా పెడుతున్నాను. చివరి నలభై వదిలేసి, జాబితాలో ఉండి పెట్టెలో లేని పదం దగ్గర ఒక అట్ట తక్కువని గుర్తు. ఆ పంతొమ్మిదీ చీర చూసి కొట్టించు.

అట్టలన్నీ కనబడితే బాపుకు లెక్క తెలిసిపోతుంది. పదాలు వచ్చినా నేను చింపలేదని నువ్వు సర్దిచెప్పబోతావు. వద్దు. నీ మీద వేసుకోవద్దు. ఆయనకు నేనే చీటీ రాసి ఇందులో పెట్టాను. "రెండు వందల పద్నాలుగు అబద్ధం. పంతొమ్మిది నిజం. రమ్మంటే వస్తాను." అంతే రాశాను. పరీక్షకు ఇంకా మూడు వారాలుంది. రాయాలని ఉంది వదినా, చాలా ఉంది. కానీ ఆయన అన్నమాట మీద నిలబడే మనిషి.

సుస్మిత

*

సిరిసిల్ల,
అక్టోబర్ 2

సుస్మితకు,

ఆలస్యానికి కారణం నా వేళ్ళు. మూడు వందల అరవై అట్టలు తాడుతో కుట్టి చూస్తే తెలుస్తుంది. మామకు అటక సంగతి నేనే చెప్పాను. ఆయన ఒక్క మాట అన్నాడు: "తాడు కోసినోళ్ళే కుట్టాలె." తిడితే బాగుండేది, తొందరగా అయిపోయేది.

నువ్వు పంపిన పెట్టె నట్టింట్లో గుమ్మరించి, నేనూ అత్తా రెండు రోజులు ఏబీసీడీ పేర్చాం. అత్తకు ఇంగ్లీషు రాదు. కానీ జాబితాలో గీతలు, అట్ట మీద గీతలు పోల్చి చూసి టకటకా అందించింది. నోరు మాత్రం ఆపలేదు. ఆ గారులస్సో ఏదో అన్నావే, అది ఆవిడకు చెప్పాను. మెచ్చుకోలు అనుకొని సంతోషించింది. తక్కువైన పంతొమ్మిదికి మా అమ్మ చీర అంచు భూతద్దం కింద పెట్టి పోగులు లెక్కపెట్టి రాసిచ్చాను. అట్టలకు చిల్లులు కొట్టే లింగన్న కొట్టి ఇచ్చాడు.

ఇక నీ చీటీ. మామ కళ్ళద్దాలు పెట్టుకొని చదివాడు, తీసి తుడుచుకొని మళ్ళీ చదివాడు. తడిగుడ్డ తెచ్చి గోడ మీది రెండు వందల పద్నాలుగు తుడిచి పంతొమ్మిది వేశాడు. ఏమైందని అత్త అడిగితే, లెక్క తప్పింది, దిద్దిన అన్నాడు. చెల్లెను తీసుకురమ్మంటవా అని మీ అన్న అడిగాడు. ఆ రోజుకు అదే అతను మాట్లాడిన మాట. మామ సుద్దముక్క గూట్లో పెట్టి మగ్గం దగ్గరికి పోయాడు. ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. నేను వంటింట్లో కూర్చొని ఏడ్చాను, నీ కోసమో నా కోసమో తెలియలేదు.

మొన్న అట్టలు మగ్గం నెత్తిన ఎక్కించాం. వరుస సరిగా ఉందో లేదో చూడాలంటే కరెంటుతో నడపకూడదు, చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కో అట్టా చూసుకోవాలి. నేను స్టూలు ఎక్కి, వచ్చిన అట్ట మీది మాట చదవాలి, మామ కింద గవ్వ చూసుకోవాలి. నా నోట్లో ఆ మాటలు ఎలా పలికాయో ఇంగ్లీషువాళ్ళు వినకపోవడం మంచిదైంది. ప్రతి మాటకూ మామ అర్థం అడిగాడు. వెనక నువ్వు రాసినది చదివి చెప్పాను. కొంత దూరం పోయాక కొత్త అట్ట వచ్చింది, దాని మీద ఏమీ లేదు. ఖాళీ అని చెప్పాను. మామ చక్రం ఆపాడు. దాన్నే చూస్తూ, మెల్లగా అన్నాడు: "గిది నా బిడ్డకు వచ్చింది."

మళ్ళీ ఖాళీది వచ్చింది, మళ్ళీ ఆపి అదే మాట అన్నాడు. పంతొమ్మిది సార్లు ఆపాడు సుస్మితా, పంతొమ్మిది సార్లూ అన్నాడు.

నేను స్టూలు దిగాక మామ మీ అన్నతో చెప్పాడు, పరీక్ష రాసినంక రానియ్యి అని. మచ్చు చీర మగ్గం మీద ఉంది. గవ్వలు నిటారుగానే వస్తున్నాయి.

నీ దగ్గర ఇప్పుడు అట్టలూ లేవు, చింపడానికి ఏమీ లేదు. జాబితా నకలు రాసి పెట్టాను. ఇంక చదవడం తప్ప వేరే దారి లేదు.

వదిన

*

జగిత్యాల,
అక్టోబర్ 13

వదినకు,

పరీక్ష రాశాను. హైదరాబాదులో చల్లటి గది, ఒక్కొక్కరికీ ఒక కంప్యూటర్, లోపలికి పంపేముందు జేబులు, చెవులు, మోచేతులు చూశారు. నా బుర్రలో ఏముందో మాత్రం ఎవరూ అనుమానించలేదు. బయట అన్న నాలుగు గంటలు నిలబడ్డాడు. రాగానే ఒక అరటిపండు ఇచ్చాడు. ఎట్ల రాసినవని అడగలేదు.

నాలుగు వందల పదాల్లో నాకు కనబడినవి తొమ్మిది. మిగతావన్నీ ఎందుకు నేర్పారో దేవదాస్ సారును అడిగితే, బుర్ర పదును కోసం అన్నాడు. తొమ్మిదిలో ఏడు నాకు తెలుసు. చివరి పది రోజులు ఎలా చదివానో నీకు చెప్పలేను. ఖాళీ అట్టల సంగతి రాసి నువ్వు నాకు నిద్ర లేకుండా చేశావు. ఒక్కో పదం దగ్గర ఆగి, ఇది వచ్చిందని బాపు అనగలడా అని నన్ను నేనే అడిగాను. అనలేడనిపిస్తే మళ్ళీ మొదలుపెట్టాను.

మార్కులు కంప్యూటర్ మీదే కనబడతాయి. ఇంగ్లీషు భాగానికి నూట నలభై ఎనిమిది. కాలేజీ అడిగింది నూట యాభై. రెండు తక్కువ. ఇరవై తక్కువైతే నవ్వుకొని వచ్చేదాన్ని, రెండు తక్కువైతే నవ్వు రావడం లేదు. మూడు వారాలాగి ఇంకోసారి రాయవచ్చట, కాలేజీ గడువు జనవరి దాకా ఉందట. అడిగే ముఖం నాకు లేదు, అందుకే అడగడం లేదు. చెబుతున్నాను అంతే.

ఈ ఉత్తరం బాపుకు చదివి వినిపించు. ఇందులో అంకె నేను పెంచలేదు, గుండ్రంగా చేయలేదు. సంచి సర్దుకొని కూర్చున్నాను.

సుస్మిత

*

సిరిసిల్ల,
అక్టోబర్ 18

సుస్మితకు,

సేటుకు మచ్చు చీర నచ్చింది. కోరుట్ల నుంచి నూలు దిగింది, నాలుగు మగ్గాలూ నడుస్తున్నాయి. అత్త మాటలు ఇప్పుడు ఎవరికీ వినబడడం లేదు, అయినా ఆవిడ ఆపలేదు.

నీ ఉత్తరం మగ్గాల మధ్య నిలబడి గట్టిగా అరిచి చదివాను. మామ గవ్వల మగ్గం ఆపి విన్నాడు. నూట నలభై ఎనిమిది అనగానే సుద్దముక్క కోసం చెయ్యి చాపాడు. పంతొమ్మిది నుంచి నూట నలభై ఎనిమిది మాటలకు వచ్చావని ఆయన లెక్క. ముఖం వెలిగిపోయింది. ఒక్క క్షణం నోరు మూసుకుందామనుకున్నాను. కానీ ఈ గోడ మీద అబద్ధం ఎక్కించింది ఇప్పటికే చాలు. అందుకని చెప్పాను, అవి మాటలు కావు మామా, మార్కులు, ఆ పరీక్షలో కుర్చీలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ నూట ముప్పై ఊరికే ఇస్తారట, పైన ఎన్ని వచ్చాయన్నదే లెక్క అని.

"ఊర్కె నూట ముప్పయ్ ఇచ్చెటోళ్ళు యాడున్నరు?" అన్నాడు. సేటుకు తెలిస్తే బాగుండునని కూడా అన్నాడు. తర్వాత కాలేజీ ఎంత అడిగిందన్నాడు. నూట యాభై, రెండు తక్కువైంది, సుస్మిత సంచి సర్దుకొని కూర్చుంది, మీరు మాట మీద నిలబడే మనిషి అని ఆమెకు భయం అని చెప్పాను. నిజానికి నా భయం కూడా అదే.

మామ సుద్దముక్క పక్కన పెట్టాడు. మగ్గం దగ్గరికి పోయి, తెగిన పోగు ఒకటి వెతికి పట్టుకొని ముడి వేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు:

"రెండు పోగులు తెగినయని పడుగంత కోస్తమా? ముడేసి నడిపిస్తం. సంచి ఇప్పి బట్టలు బయట వెట్టమను."

మగ్గం మళ్ళీ ఆన్ చేశాడు, ఆ చప్పుడులో నేను ఏమన్నానో ఆయనకు వినబడలేదు. మళ్ళీ పరీక్ష ఏ తారీఖో రాసి పంపు.

వదిన